నన్ను ఏ గడప దాటిస్తారు?

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



నాకు 80 దాటాయి. ఈ వయసులో నన్ను రేడియోలో మాట్లాడమని పిలిస్తే, ఏ మామిడికాయ తొక్కు గురించో, మనవళ్ళ పెంపకం గురించో మాట్లాడతానని మా ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. చావు గురించి మాట్లాడతానన్నాను. మా అమ్మాయి బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టేసి, "రేడియోల అదేం మాటమ్మా? వినేటోళ్ళు ఏమనుకుంటరు?" అంది. ఏమీ అనుకోరు. వినేవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో నాలాంటి ముసలమ్మ ఒకతె వుండే వుంటుంది. ఆమె కూడా ఈ సంగతే ఆలోచిస్తూ వుంటుంది. పైకి మాత్రం మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతుంది.

నా బతుకు మూడు చోట్ల గడిచింది. 1945లో జనగామ దగ్గర, పాలకుర్తి వైపు ఒక పల్లెలో పుట్టాను. కాపురం చేసింది మహబూబాబాదులో. మేము మానుకోట అంటాం. ఇప్పుడు వుంటున్నది భూపాలపల్లిలో, కూతురి దగ్గర. నేను పుట్టినప్పుడు జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకా. 1953లో వరంగల్ జిల్లాలో కలిపారు. ఆ తర్వాత చాలా కాలం మూడు ఊళ్ళూ ఒకే జిల్లా. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాలయ్యాయి. ఈ మూడింటిలో ఏ ఊళ్ళో, ఎవరింట్లో నేను కన్ను మూయాలి, నన్ను ఏ గడప దాటిస్తారు అన్నదే నేను చెప్పబోయే సంగతి. నవ్వకండి. దీని వెనక ఒక కథ వుంది.

మా అత్తమ్మతో మొదలుపెట్టాలి. 1963లో నా పెళ్ళయ్యేనాటికి మా వారు రైల్వేలో బుకింగ్ క్లర్కు. కొన్నాళ్ళు డోర్నకల్లో, ఎక్కువకాలం మానుకోటలో పనిచేశారు. క్వార్టరు దొరకక అద్దె ఇంట్లో వుండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న అరుగు, ఇంటి ముందు రోడ్డు పక్కన వేపచెట్టు. అత్తమ్మ మాతోనే వుండేది. గట్టి మనిషి. ఆకు, వక్క నోట్లో లేకపోతే మాట రాదు, వుంటే ఆగదు. నన్ను అనని మాట లేదు. నేను పడ్డ కష్టమంతా చెబితే ఈ పదిహేను నిమిషాలూ దానికే చాలవు కనుక చెప్పను. కాని చివరి రెండేళ్ళలో మంచాన పడ్డాక ఆమెకూ నాకూ మధ్య ఏదో రాజీ కుదిరింది. తల దువ్వుతుంటే కళ్ళు మూసుకుని, "నన్ను ఇంట్లకెంచే తీస్కపోవాలె బిడ్డా, బయట పడెయ్యకున్రి" అనేది. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. "అట్లెందుకు చేస్తం అత్తమ్మా" అని నవ్వేదాన్ని.

1979, శ్రావణం. మూడు రోజులుగా ముసురు. సాయంత్రం డాక్టరు వచ్చి చూసి, ఇక రాత్రి గడవడం కష్టమన్నాడు. గంట తిరక్కుండా ఇంటి ఓనరు వచ్చాడు. అతను చెడ్డవాడని నేను అనను. ఆయన భార్య ఎండాకాలంలో మాకు వడియాలు పంపేది. గడప బయటే నిలబడి, మా వారితో నెమ్మదిగా, "సారూ, అయ్యగారిని అడిగొచ్చిన. తెల్లారేదాకా నక్షత్రం మంచిగ లేదట. ఇంట్ల పానం పోతే ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలంటున్నరు. నాకు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నయి. జర బయటికి తీస్కరాండ్రి" అన్నాడు.

ధనిష్ఠా పంచకం అని మీరు వినే వుంటారు. ధనిష్ఠ మొదలుకొని రేవతి దాకా అయిదు నక్షత్రాలు. వాటిలో ఎవరైనా పోతే ఇల్లు కొన్ని నెలలు మూసి పాడుపెట్టాలంటారు. అద్దెమీద బతికేవాడికి అది ఎంత భయమో నాకు తెలుసు. కాని ఆమె ఇంకా బతికే వుంది! ఊపిరి ఆడుతున్న మనిషిని, వానలో, తన మంచంతో సహా ఎత్తి బయటపెట్టమని అడగటం ఎంత సులువుగా అయిపోయిందో చూడండి. మా వారు ఏమీ అనలేదు. స్టేషన్లో వేలమందికి టిక్కెట్టు ఇచ్చి పంపిన మనిషి, తన తల్లిని నాలుగడుగుల అవతల వుంచుకోవడానికి చోటు అడగలేకపోయారు.

వేపచెట్టు కింద టార్పాలిన్ కట్టారు. అది కూడా గ్యాంగ్‌మెన్లు తెచ్చిందే. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. నేను తల దగ్గర కూచున్నాను. అత్తమ్మకు తెలివి వుంది. తల తిప్పి తలుపు వైపు చూస్తూ, "ఇంట్లకు తీస్కపో" అంది. మూడు సార్లు అంది. తర్వాత అడగటం మానేసింది. తెల్లవారుజామున మద్రాసు వైపు పోయే బండి ఏదో కూత వేస్తుండగా పోయింది. కళ్ళు తెరిచే వున్నాయి, తలుపు వైపే. ఆ కళ్ళు మూసింది నేనే.

పదకొండో రోజు అన్నీ సక్రమంగా జరిపించాం. పిట్టకు పెడితే కాకి వెంటనే ముట్టింది. "ఆత్మ తృప్తి పడ్డది" అన్నారు అందరూ. నేను మాత్రం నమ్మలేదు. ఆ కాకికి ఆకలేసి వుంటుంది.

ఆ తర్వాత అయిదేళ్ళు నేను కొత్త చీర కొనలేదు. చీటీలు కట్టాను, పాలు అమ్మాను, రైల్వే సొసైటీలో అప్పు తీసుకున్నాం. 1984లో మానుకోటలో 150 గజాల్లో రెండు గదులు వేసుకున్నాం. గృహప్రవేశం నాడు పాలు పొంగుతుంటే అందరూ పొయ్యి చూశారు. నేను గడప చూశాను. ఇక్కడినుంచి మమ్మల్ని ఎవరూ బయటికి తీసుకురమ్మనలేరు అనుకున్నాను.

మనిషి అనుకున్నట్టు జరిగితే ఇంకేం?

మా వారు 1996లో రిటైరయ్యారు. 2012లో ఒకరోజు పక్షవాతం వచ్చింది. పిల్లలు పరుగున వచ్చి వరంగల్లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం. పదకొండు రోజులు అద్దంలోంచి చూశాను. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. ఆరో రోజున డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, "మెషీన్ మీద వున్నారు. ఇంకా కొనసాగించమంటారా?" అని అడిగాడు. కొడుకు కూతురి మొహం చూశాడు. కూతురు నా మొహం చూసింది. నేను నేల చూశాను. 49 ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఏం కావాలో నాకు తెలియదు. ఏ కూర ఇష్టమో తెలుసు, ఏ చొక్కా ఇష్టమో తెలుసు. ఇది ఎన్నడూ అడగలేదు. అడిగితే అపశకునం అనుకున్నాం ఇద్దరమూ. "మీ ఇష్టం సారూ" అని డాక్టరుకే చెప్పి వచ్చాం. ఆయన ఇష్టం కాదు, మా ఇష్టం కాదు. ఆ అయిదు రోజులు ఎవరి ఇష్టం మీద నడిచాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆయన ఆ రెండు గదుల ఇంట్లో పోలేదు. పోయాక అంబులెన్సులో, రాత్రి మూడింటికి ఇల్లు చేరారు.

పదో రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు ముత్తైదువులు కాని ఆడవాళ్ళు నలుగురు నా చుట్టూ చేరి, నిండా పసుపు పూసి, చేతులనిండా గాజులు వేసి, పూలు పెట్టి, తర్వాత ఒక్కొక్కటే తీసెయ్యాలి. మా వాడకట్టులో ఎన్ని సార్లు చూశానో. చూసిన ప్రతిసారీ కడుపులో దేవినట్టు వుండేది. "నేనే తీసుకుంటాను, మీరెవ్వరూ ముట్టకండి" అన్నాను. మా ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. నా గదిలోకి పోయి తలుపు వేసుకుని, పుస్తెలతాడు తీసి ఆయన చేతి రుమాలులో మూటకట్టి పెట్టెలో పెట్టుకున్నాను. గాజులు మాత్రం తియ్యలేదు. అవి ఆయన కట్టినవి కావు, చిన్నప్పటినుంచీ వున్నవి. ఈ పుస్తెలతాడును గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

2016 మొదట్లో మా అబ్బాయి హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుంటానన్నాడు. డబ్బు తక్కువ పడింది. "నువ్వు ఒక్కదానివి మానుకోటల ఏం చేస్తవమ్మా, నా దగ్గరికి రా" అన్నాడు. ఇల్లు అమ్మేశాం. సంతకం పెట్టింది నేనే. నా చెయ్యి పట్టుకుని ఎవరూ పెట్టించలేదు. ఆ అక్టోబరులో మానుకోట జిల్లా కేంద్రమయింది, స్థలాల ధర లేచింది. ఆ విషయం మా అల్లుడు ఇప్పటికీ ప్రతి పండక్కీ ఒకసారి గుర్తు చేస్తారు.

ఇక్కడ ఒక మాట. కన్నవాళ్ళు తమ పేరున వున్న ఇల్లు పిల్లలకు రాసివ్వాలనుకుంటే, ఆ కాగితంలోనే 'నన్ను చూసుకోవాలి' అన్న షరతు రాయించండి. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, అలా రాసి వుండి, పిల్లలు చూడకపోతే, ఆ కాగితాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఆర్డీవో దగ్గర అర్జీ పెడితే చాలు. నేను ఇచ్చింది డబ్బు. కాగితమూ లేదు, షరతూ లేదు. మా అబ్బాయి మంచివాడు కనుక ఆ అవసరం రాలేదు. అందరి అదృష్టం ఒక్క తీరుగా వుండదు.

ఫ్లాటు అయిదో అంతస్తు. కోడలు నన్ను బాగానే చూసింది. నాకు నచ్చనిది కోడలు కాదు, లిఫ్టు. ఒకరోజు మూడో అంతస్తులో ఒక పెద్దాయన పోయారు. స్ట్రెచరు లిఫ్టులో పట్టలేదు. అందులో మనిషి నిలబడి పోగలడు కాని పడుకుని పోలేడు. మెట్లమీదినుంచి ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి, తువ్వాలుతో కట్టి దించారు. కింద సెల్లార్లో, స్కూటర్ల మధ్య రెండు గంటలు వుంచారు. ఎవరిదో కారు తియ్యాలంటే కొంచెం జరిపారు కూడా. నేను కటకటాల్లోంచి చూస్తూ నిలబడ్డాను. నాకు వేపచెట్టు గుర్తొచ్చింది. ఆ చెట్టే నయం, గాలి అయినా వుండేది.

పుట్టింటి సంగతి అడుగుతారేమో. మా నాయినకు ఎనిమిది ఎకరాలు, పెంకుటిల్లు. 1985లో మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. సెప్టెంబరు 5 నుంచి అమలు. రేడియోలో విని చేతిలో గరిటె వదిలేశాను. తర్వాత తెలిసింది, ఆ తేదీకి ముందే పెళ్ళయిన వాళ్ళకు వర్తించదట. నా పెళ్ళయి అప్పటికి 22 ఏళ్ళు! ఆ అడ్డు 2005లో కేంద్రం చట్టం మార్చాక పోయింది. అప్పటికి మా తమ్ముడు సగం భూమి అమ్మేశాడు, ఇల్లు కూలిపోయింది. ఇప్పుడక్కడ మట్టిగోడ ఒకటి, దానిమీద చింతచెట్టు నీడ. నేను దావా వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని మా మనవరాలు అడుగుతుంది. తమ్ముడితో రాఖీ పండగ పోతుందని. అంతే, ఇంకో కారణం లేదు. తప్పో ఒప్పో మీరే చెప్పండి.

ఆ 1985 సెప్టెంబరు నాకు ఇంకోందుకు కూడా గుర్తు. చట్టం అమల్లోకి వచ్చిన అయిదు రోజులకు, పదో తారీఖున, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పోయింది. మా ఊరివైపు మనిషి. నాకు ఏడాది నిండేనాటికి, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. మా అమ్మ నన్ను చంకన వేసుకుని ఎక్కడెక్కడ దాక్కుందో చెబుతుంటే ఐలమ్మ పేరు వస్తూ వుండేది. కౌలుకు తీసుకుని పండించిన పంట విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం అండతో ఎదురు నిలిచి పంట ఇంటికి చేర్చుకుంది. తర్వాత ఆ ఇల్లే తగలబెట్టారు. అయినా పాలకుర్తి విడిచిపోలేదు.

ఆమె ముసలితనంలో హైదరాబాదు నుంచి స్త్రీశక్తి సంఘటన అమ్మాయిలు వచ్చి, కూచుని, ఆమె మాటల్లోనే ఆమె కథ విన్నారు. అలాగే మా జనగామ దగ్గర ఖిలాషాపురం దూదల సాలమ్మ కథ, ఇంకా ఎందరివో. 'మనకు తెలియని మన చరిత్ర' అని 1986లో పుస్తకం వచ్చింది. అది అచ్చయి వచ్చేనాటికి ఐలమ్మ లేదు. ఆ పుస్తకాన్ని నేను చాలా ఆలస్యంగా, అరవై దాటాక చదివాను. చదువుతుంటే నాకు యుద్ధాలకంటే ఆ కూచుని వినడం మీద మనసు పోయింది. ఒక ముసలమ్మ ఎదుట కూచుని, "నువ్వు చెప్పు, మేం వింటాం" అని ఎవరైనా అంటే ఎంత బావుంటుంది! అత్తమ్మ మూడుసార్లు చెప్పింది. విన్నవాళ్ళం చెయ్యలేకపోయాం. మా వారిని అడగనే లేదు. నా వంతు వచ్చేసరికి, అడిగేదాకా ఆగకుండా నేనే చెప్పదలచుకున్నాను.

2021లో భూపాలపల్లి వచ్చేశాను. అల్లుడు సింగరేణి కాకతీయ గనిలో ఓవర్‌మన్. కూతురింటికి వస్తానంటే చుట్టాల్లో పెద్ద గొడవ. "కొడుకుండంగ బిడ్డ ఇంట్ల చస్తదా?" అని మా ఆడపడుచు ఫోన్లో ఏడ్చింది. పిల్లనిచ్చిన ఇంట మంచినీళ్ళు కూడా ముట్టరాదనే కాలం మాది. మా నాయిన నా ఇంటికి వస్తే అరుగుమీద కూచుని, తను తెచ్చుకున్న అటుకులు తినేవాడు. తినిపించలేకపోయానే అని నాకు ఇప్పటికీ బాధ. నేను మా బిడ్డకు ఆ బాధ పెట్టనన్నాను. ఆమె వండిన పచ్చిపులుసు రోజూ తింటున్నాను.

కాని ఇదీ క్వార్టరే. అల్లుడు వచ్చే ఏడు రిటైరవుతారు, కంపెనీకి తాళం ఇచ్చెయ్యాలి. చూశారా, తిరిగి తిరిగి మళ్ళీ అద్దె ఇంటి దగ్గరికే వచ్చాను. 2019 తర్వాత పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. నీళ్ళు, స్నానాలకు గదులు, కాల్చడానికి దిమ్మెలు. మంచి పని, నేను కాదనను. ఒకప్పుడు బొందలగడ్డకు దారే వుండేది కాదు. పోయినవాళ్ళకు చోటు దొరికింది. పోబోయేవాళ్ళకే దొరకటం లేదు.

2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు కాళేశ్వరం పోదామంది అమ్మాయి. ఎండ మండిపోతోంది, అయినా పోయాం. గోదావరి, ప్రాణహిత కలిసేచోటు. అంతర్వాహినిగా సరస్వతి వుందంటారు. గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముందు యముడికి పూజ, తర్వాతే శివుడికి. చిన్నప్పటినుంచీ యముడంటే దున్నపోతు, గద అనుకున్నదాన్ని. అక్కడ ఆయన శివుడి పక్కన, ఒకే పీట మీద, చుట్టంలా కూచుని వున్నాడు. తోసుకుంటున్న జనంలో నాకు దండం పెట్టుకునే సందు అరనిమిషం దొరికింది. ఏమీ కోరుకోలేదు. "నువ్వు వచ్చేటప్పుడు నేను ఇంట్లో వుండాలి" అనుకున్నాను.

గట్టుమీద కూచుని తడిచీర ఆరబెట్టుకుంటూ అమ్మాయితో చెప్పాను.

"నాకు గొట్టాలు పెట్టియ్యకు."

"అమ్మా, పుష్కరాలకొచ్చి గిదేంది?"

"అడగకపోతే మీ నాయినకేమయిందో చూసినవ్ గదా."

ఆమె మాట్లాడలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నది వైపు చూసింది. చాలాసేపటికి, "మరి నొప్పి లేస్తె? దవఖానకు కూడ తీస్కపోవద్దా?" అంది. ఆ ప్రశ్న నాకు నచ్చింది. అడగడం మొదలుపెట్టింది కదా! నొప్పి తగ్గే మందు ఇప్పించు, దాహమైతే నీళ్ళు పొయ్యి, బాగయ్యే జబ్బయితే దవఖానకు తీసుకుపో. బాగుకాదని తేలితే మెషీన్ వద్దు, ఇంటికి తీసుకురా అన్నాను.

ఇలా చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందని చాలామందికి తెలియదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు చెప్పింది, ముందుగానే కాగితం రాసి పెట్టుకోవచ్చని. మొదట అది మెజిస్ట్రేటు దాకా పోవలసిన వ్యవహారంగా వుండేది, ఎవరూ చేసేవాళ్ళు కాదు. 2023 జనవరిలో సులువు చేశారు. తెలివిలో వుండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతో గాని గెజిటెడ్ ఆఫీసరుతో గాని ధ్రువీకరణ చేయించాలి. మనం మాట్లాడలేని స్థితిలో మన తరఫున ఎవరు చెప్పాలో ఆ పేర్లు కూడా అందులోనే రాయాలి. ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డులు రెండు చూసి ఒప్పుకున్నాకే అమలు చేస్తారు. ఎవరో ఒకరు కోపంతో గొట్టం పీకేస్తారన్న భయం అక్కర్లేదు. మనసు మారితే కాగితం కూడా మార్చుకోవచ్చు. మా మనవడు కంప్యూటరులో తెలుగులోనే కొట్టి ఇచ్చాడు. కూతురి పేరూ కొడుకు పేరూ రెండూ రాశాను. కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి, కాగితం చదివి, అరగంట బయట తిరిగి వచ్చి, "నా పేరు ముందు రాయకపోతివి" అన్నాడు. అంతే అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా వున్నాయి.

ఇక ఇల్లు. అల్లుడికి భూపాలపల్లిలోనే, మెయిన్ రోడ్డుకు లోపలగా కొంచెం జాగా వుంది. రిటైరయ్యాక కడదామని పెట్టుకున్నారు. నేను పెట్టె తెరిచి, రుమాలు మూట తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాను. మూడు తులాల పుస్తెలతాడు. తులం లక్ష దాటిందని టీవీలో చెబుతున్నారు. "ఇది అమ్మి ఇప్పుడే మొదలుపెట్టండి, కింద నాకో గది వెయ్యండి" అన్నాను. ఆమె తీసుకోనంది, నేను ఊరుకోనన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు అల్లుడు వచ్చి, "అత్తమ్మా, ఇంటిమీద మీ పేరు గూడ రాయిద్దాం" అన్నారు. నాకు పేరు వద్దు. గది చాలు. అయినా రాయించారు. 80 ఏళ్ళకు నా పేరుమీద ఒక గడప వచ్చింది.

మొన్న దర్వాజ ఎత్తారు. గడపకు పసుపు రాయమని అమ్మాయి గిన్నె నా చేతికిచ్చింది. వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడపడుచు కూడా వచ్చింది, 84 ఏళ్ళ మనిషి. ఏమంటుందో అనుకున్నాను. "వంగలేవు నువ్వు, నేను పట్టుకుంట గని రాయి" అని నా నడుం పట్టుకుంది.

అంతకు వారం ముందు వడ్లాయన కొలతలకు వచ్చాడు. అన్ని గదులకూ మూడడుగుల తలుపు అనుకున్నాం. నా గదికి మాత్రం నాలుగడుగులు పెట్టమన్నాను. అతను టేపు పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"గింత చిన్న అర్రకు గంత పెద్ద దర్వాజ ఎందుకవ్వా?"

"మంచం పట్టాలె గద బిడ్డా" అన్నాను.

అతనికి ఏది అర్థమయిందో ఏమో, పెన్సిలు చెవినుంచి తీసి, గోడమీద నాలుగు అని రాసుకున్నాడు.